మహేష్‌కి, సీటు గురించి

తిరుపతి,
ఆదివారం

ఒరేయ్ మహేషా,

ఎంబీబీఎస్ ఏ కాలేజీలో చేరాలని అడిగిన నీ మెసేజ్ చదివినా. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావు, అందుకే తీరిగ్గా రాస్తాండా. చెన్నై డీమ్డ్ యూనివర్సిటీ వాళ్ళు సగం ఫీజు మాఫీ అంటున్నారు. నీ ర్యాంకుకు అనంతపురం గవర్నమెంట్ కాలేజీ వచ్చేట్టుంది. మన చిత్తూరు మురకంబట్టు ప్రైవేటు మెడికల్ కాలేజీలో కన్వీనర్ సీటూ (గవర్నమెంట్ కోటాది) రావచ్చు. నీ లావణ్యకేమో తిరుపతిలో పద్మావతి మహిళా మెడికల్ కాలేజీ. ఇంట్లో అమ్మకు డయాలసిస్. ఇన్ని ఒకేసారి నెత్తిన పడితే ఎవరికైనా తల తిరుగుతుంది. నాకు తోచిన దారి ఒకటే: ఏ కాలేజీ అయినా సరే, చేతిలోంచి జారిపోగలిగినదాన్ని పక్కనపెట్టి ఆ కాలేజీని చూడు. స్కాలర్‌షిప్ తీసేసి చెన్నైని చూడు, లావణ్యను తీసేసి చిత్తూరును చూడు. అప్పుడు కూడా అక్కడ చేరతావా?

ముందు చెన్నై సంగతి తేల్చేద్దాం, మీ నాయన మనసు దాని మీదే ఉన్నట్టుంది కాబట్టి. ఏడాదికి 24 లక్షలు, సగం పోతే 12. చదువు 54 నెలలు, కాబట్టి 54 లక్షలు. ఫీజు నాలుగున్నరేళ్ళకే తీసుకుంటారా, ఐదేళ్ళకా అని రాతపూర్వకంగా అడుగు. తర్వాత స్కాలర్‌షిప్ ఉత్తరంలో షరతులు చూడు. ‘ప్రతి ఏడాదీ మొదటిసారికే అన్నీ పాసవ్వాలి’ అని ఉంటే జాగ్రత్త. ఫస్టియర్లో అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ ఉంటాయి. బాగా చదివే పిల్లలు కూడా ఒక్క సబ్జెక్టు దగ్గర తప్పి సప్లిమెంటరీ రాయడం మామూలే. అట్లా మొదటి ఏడాదే మాఫీ పోతే, మిగతా మూడున్నరేళ్ళకు పూర్తి ఫీజు 84 లక్షలు, మొత్తం 96 లక్షలు. ఇంకొకటి, మాఫీ శాతం లెక్కనా, 12 లక్షలు అని స్థిరంగానా? ఏటా 5 శాతం ఫీజు పెరుగుతుందనుకో, స్థిరమైతే రెండో ఏడు నువ్వు కట్టేది 13.2 లక్షలు, మూడో ఏడు 14.46. పెరుగుదలంతా నీ మీదే పడుతుంది.

ఈ 54 లక్షలూ అప్పే కదా. 10 శాతం బారువడ్డీ వేసి చూసినా, ఏడాదికి 12 లక్షల చొప్పున తీసుకుంటూపోతే, చదువయినాక ఏడాది హౌస్ సర్జెన్సీ (ఆసుపత్రిలో శిక్షణ) అయ్యి మరో ఏడాది గడువు ముగిసేసరికి వడ్డీయే 25.5 లక్షలు. అసలుతో కలిపి 79.5 లక్షలు. 15 ఏళ్ళలో తీర్చాలంటే నెలకు 85 వేల పైనే వాయిదా. పైగా అంత మొత్తానికి బ్యాంకు తాకట్టు అడుగుతుంది, మీకున్నది ఆ మామిడి తోట ఒక్కటే. తోతాపురి ధర ఏ ఏడు ఎట్లుంటుందో మీ నాయనకు నేను చెప్పేదేముంది.

డీమ్డ్ కౌన్సెలింగ్ ఎంసీసీ (కేంద్రం మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ) వాళ్ళది, డిపాజిట్ 2 లక్షలు. మొదటి రౌండులో సీటొచ్చి చేరకపోయినా డబ్బు పోదు. రెండో రౌండులో వచ్చి చేరకపోతే ఆ 2 లక్షలు పోయినట్టే. చేరే ఉద్దేశం లేని కాలేజీని ఆప్షన్లలో పెట్టొద్దు. వరస మాత్రం నీకు ఇష్టమైన క్రమంలోనే పెట్టు, ‘నాకు రాదులే’ అని మంచిదాన్ని కిందికి తొయ్యొద్దు. పైన పెట్టినందువల్ల కింది సీటు పోదు.

కన్వీనర్ సీటైతే మన రాష్ట్రం స్కాలర్‌షిప్ పోర్టల్ జ్ఞానభూమి ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ అడగొచ్చు, ఆదాయ పరిమితిలో ఉంటే. మేనేజ్‌మెంట్ కోటాకు ఆ దారి లేదు. కేంద్రం ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ కూడా ఉంది: ఇంటర్లో 80 పర్సంటైల్ దాటి (అంటే మీ బోర్డు పిల్లల్లో పై 20 శాతంలో ఉండి), కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపుంటే మొదటి మూడేళ్ళు ఏడాదికి 12 వేలు, ఆ తర్వాత 20 వేలు. కానీ రాష్ట్రం ఇచ్చే రీయింబర్స్‌మెంట్‌తో కలిపి తీసుకోకూడదు, ఏది ఎక్కువో చూసి ఒకటే పెట్టుకో. రెన్యువల్‌కు 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. చాలామందికి డబ్బు ఆగేది ఎక్కడో తెలుసా? ఆధార్ ఒక బ్యాంకుకు లింకై, ఎన్‌పీసీఐ జాబితాలో (ఆధార్‌కు వచ్చే డబ్బు ఏ ఖాతాకు పోవాలో అందులో ఉంటుంది) ఇంకో పాత ఖాతా ఉంటుంది. డబ్బు ఆ పాత ఖాతాకు పోతుంది, లేదా తిరిగిపోతుంది. చేరకముందే బ్యాంకుకు పోయి, ఏ ఖాతాకు మ్యాపయి ఉందో అడుగు. ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు తక్కువే కనిపించినా హాస్టలు, మెస్సు, కాషన్ డిపాజిట్, ‘ఇతర ఫీజులు’ కలిపి ఎంతవుతుందో సీనియర్ల దగ్గర రాయించుకో. రీయింబర్స్‌మెంట్ ఆలస్యమైతే ముందు మీరే కట్టాల్సి రావచ్చు, దానికి ఒక ఏడాది ఫీజు చేతిలో ఉంచుకోవాల.

ఇక నేర్చుకునే సంగతి. దీనిమీదే నాకు పట్టుదల ఎక్కువ. డాక్టరు తయారయ్యేది వార్డులో. 150 సీట్ల కాలేజీకి కనీసం 605 పడకలు, అవి 80 శాతం నిండి ఉండాలని నిబంధన. కాగితం మీద అందరికీ ఉంటాయి. నువ్వు సోమవారం పొద్దున చెప్పకుండా పోయి ఓపీ వరస చూడు, మధ్యాహ్నం మెడికల్ వార్డులో ఖాళీ మంచాలు లెక్కపెట్టు. హౌస్ సర్జన్‌ను పట్టుకుని మూడే అడుగు: లేబర్ రూములో కాన్పులు నీ చేత్తో ఎన్ని చేసినావు? రాత్రి క్యాజువాలిటీలో కుట్లు నువ్వే వేస్తావా? స్టైపెండ్ నెలనెలా పడుతోందా? అనంతపురం కాలేజీది సర్వజనాసుపత్రి, చుట్టుపక్కల పల్లెలన్నీ అక్కడికే రావాల. ఆ రద్దీ నీకు చాలా నేర్పిస్తుంది. ఇంకో లాభం, రోగి భాష నీ భాషే. చెన్నైలో అరవం అవసరం, మనకు కొంచెం వచ్చనుకో, కానీ రోగి చెప్పుకునే నొప్పిని పట్టుకోడానికి ఆ కొంచెం చాలదు.

అమ్మ విషయం. చిత్తూరులో ఉంటే డయాలసిస్‌కు నువ్వు తీసుకుపోతావని అనుకుంటున్నావు. కుదరదురా. థియరీకి 75 శాతం, ప్రాక్టికల్స్‌కు 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకే కూర్చోనివ్వరు. వారంలో పగటి పూట నువ్వు డిసెక్షన్ హాల్లోనే ఉంటావు. నీవల్ల అమ్మకు దొరికేది రాత్రుళ్ళూ, ఆదివారాలూ. అది చిన్నదేమీ కాదు, డయాలసిస్ రోజు రాత్రి కళ్ళు తిరిగి పడిపోతే పక్కన మనిషి ఉండాలి. కానీ పగలు ఎవరు తోడుపోతారనేది నువ్వెక్కడ చేరినా తేల్చాల్సిన పనే. పలమనేరు అక్క వారానికి ఎన్ని రోజులు రాగలదు, పిన్ని కొడుకు ఏ రోజు ఖాళీ, ఈ వారమే కూర్చుని మాట్లాడుకోండి.

లావణ్య గురించి సూటిగా చెప్తా, కోపం తెచ్చుకోవద్దు. చిత్తూరు నుంచి తిరుపతికి బస్సులో రెండు గంటలు. ఫస్టియర్లో ఆ రెండు గంటలు కూడా నెలకొకసారికి మించి దొరకవు. ఆమె హాస్టల్ వేళలు వేరే, ఇంటర్నల్స్ వేరే. అనంతపురమైతే ధర్మవరం నుంచి కదిరి, మదనపల్లె రోడ్డు, పాకాల మీదుగా తిరుపతికి రైలు దారి ఉంది, రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు. ఇద్దరూ సెలవులు చూసుకుని ముందే టికెట్ వేసుకుంటే కలవడం కుదురుతుంది. నిన్ను దగ్గర ఉంచుకోవాలని ఆమె అడగలేదు కదా? అట్లాంటప్పుడు ఆమె పేరు చెప్పి చిత్తూరు ఎంచుకోవద్దు. రేపు మార్కులు తగ్గినప్పుడు తెలియకుండానే ఆ భారం ఆమె మీద వేస్తావు. ఆప్షన్లు పెట్టకముందు ఆమెతో మాట్లాడు, పెట్టేసినాక కాదు.

తర్వాత కాలేజీ మార్చుకుందాంలే అనే ఆశ కూడా పెట్టుకోవద్దు. 2023 నిబంధనల్లో మైగ్రేషన్ తీసేసినారు, ఇప్పుడు ఎట్లుందో కనుక్కో. ఇక పీజీ. 2025 జనవరిలో సుప్రీంకోర్టు పీజీ మెడికల్ సీట్లలో నివాసం చూసి రిజర్వేషన్ చెల్లదంది, చదివిన సంస్థకు కొంత ప్రాధాన్యం ఇవ్వొచ్చంది. అంటే ఎంబీబీఎస్ ఎక్కడ చేసినావన్నది అప్పటికి బాగా లెక్కకొస్తుంది.

చెన్నైని కొట్టెయ్. అమ్మకు పగలూ రాత్రీ మనిషి కుదిరితే అనంతపురం మొదట, చిత్తూరు రెండు. రాత్రికి ఎవరూ కుదరకపోతే చిత్తూరే మొదట, దానికి బాధపడాల్సిన పని లేదు. మీ నాయన ఇంకా చెన్నై అంటుంటే ఆ 79.5 లక్షల లెక్క కాగితం మీద వేసి చూపించు. స్కాలర్‌షిప్ ఉత్తరం అన్ని పేజీలూ ఫోటో తీసి ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్, షరతులు నేనూ చదువుతా. ఆప్షన్లు లాక్ చేసేముందు ఒక్కసారి ఫోన్ చెయ్, ఎంత రాత్రయినా సరే. అమ్మను అడిగినానని చెప్పు.

నీ,
శీనుగాడు