పట్టీ లేని రోజుల లెక్క

సంపాదకులకు,

ఎంబీఏలో బిజినెస్ అనలిటిక్స్‌కి, అంటే డేటా చూసి వ్యాపార నిర్ణయాలు తీసుకునే చదువుకి, గిరాకీ పెరుగుతోందని మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. సీట్లు, ఫీజులు, ప్యాకేజీలు అన్నీ వివరంగా రాశారు. పాఠం చెప్పేవాళ్ల కొరత సంగతి మాత్రం ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ కొరత మధ్యలో కూర్చున్నవాణ్ని కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. బెంగళూరులో తొమ్మిదేళ్లు ఒక బ్యాంకుకి క్రెడిట్ రిస్క్ మోడళ్లు, అంటే ఇచ్చిన అప్పు తిరిగొస్తుందో లేదో అంచనా కట్టే లెక్కలు, చేశాను. తర్వాత సగం జీతానికి ఒక ప్రైవేటు యూనివర్సిటీలో చేరాను. ఎందుకు చేరానో మా అత్తగారికి ఇప్పటికీ అంతుపట్టలేదు. ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీ పూర్తి చేశాను. ఇప్పుడు అసోసియేట్ ప్రొఫెసర్‌ని. వచ్చే ఏడాది ప్రొఫెసర్ పోస్టుకి ఫైలు పెట్టుకోవాలి.

ఆ ఫైలు సంగతికి వచ్చేముందు ఒక కుర్రాడి సంగతి చెప్పాలి. కిందటేడు మా రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు ప్రాజెక్టుకి డేటా దొరకలేదంటూ వచ్చాడు. ఇంటర్నెట్‌లో దొరికే ఒక అమెరికా సూపర్‌మార్కెట్ అమ్మకాల ఫైలుతో చేసేస్తానన్నాడు. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు దాంతోనే చేస్తారు, దిద్ది దిద్ది నాకే కంఠతా వచ్చేసింది. మీ నాన్న ఏం చేస్తారని అడిగాను. మదనపల్లె దగ్గర టమాటా వేస్తారట. మండీ పట్టీలు, అంటే సరుకు అమ్మినప్పుడు ఇచ్చే లెక్క చీటీలు, దాచారా అని అడిగితే, అమ్మ ఒక కవర్లో పెట్టి బియ్యం డబ్బా వెనక ఉంచిందన్నాడు. దసరాకి ఊరెళ్లి తెచ్చాడు, మూడేళ్ల పట్టీలు.

ఒక ఆదివారం కె.ఆర్. పురంలో మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద అవన్నీ పరిచాం. ఎగిరిపోతాయని ఫ్యాను ఆపేశాం. పలచటి కాయితాలు, కార్బన్ రాత, కొన్నింటి మీద ఎండిన మరకలు. తేదీ, బాక్సులు, ధర, కమీషన్, కూలి, బండి బాడుగ, అన్నీ పోను చేతికొచ్చింది. ఎక్సెల్‌లోకి ఎక్కించడానికే మూడు వారాలు పట్టింది. సగటు ధర తీస్తే బాగానే వచ్చింది. కుర్రాడు కాసేపు దాన్నే చూస్తూ కూర్చుని, "ఇంత వస్తే మా నాన్న అప్పు ఎందుకు చేసినాడు సార్?" అన్నాడు.

తేదీల వరసలో పెట్టి చూశాం. నడి సీజన్‌లోనే వారాలకు వారాలు పట్టీల్లేవు. ఎక్కడో పడిపోయాయేమో అనుకుని వాళ్ల నాన్నకి ఫోన్ చేశాం. "పడిపోల్యా సార్. ఆ వారాల్లో ధర ల్యా. కోత కూలి కూడా గిట్టదని చేన్లోనే వదిలేస్తిమి" అన్నాడాయన.

ధర పడిపోయిన రోజుకి పట్టీయే పుట్టదు. మా సగటులో ఉన్నవి సరుకు అమ్ముడైన రోజులు మాత్రమే.

ఈ పాఠం ఏ అనలిటిక్స్ పుస్తకంలోనైనా ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగొచ్చిన విమానాలకు తూట్లు ఎక్కడెక్కడ పడ్డాయో చూసి అక్కడ రేకు మందం పెంచుదామనుకున్నారు. తిరిగిరాని విమానాల మాటేమిటని అడిగినవాడు అబ్రహాం వాల్డ్ అనే గణాంక శాస్త్రవేత్త. ఆయన మన దేశానికి ఉపన్యాసాలివ్వడానికి వచ్చి, 1950 డిసెంబరులో నీలగిరుల్లో విమానం కూలి చనిపోయాడు. ఏటా క్లాసులో చెప్పే కథే ఇది. కానీ ఆ కుర్రాడికి అది వాళ్ల నాన్న గొంతులో వినిపించింది. ఇక మర్చిపోడు.

ఇప్పుడు నా ఫైలు. మా దగ్గర యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ 2018లో పెట్టిన నిబంధనలే కొలబద్ద. ప్రొఫెసర్ కావాలంటే పదేళ్ల అనుభవం, కనీసం 10 పరిశోధన పత్రాలు, 120 రీసెర్చ్ స్కోరు ఉండాలి. మేనేజ్‌మెంట్‌లో ఒక పత్రానికి 10 మార్కులు. పట్టీలతో గడిపిన మూడు వారాలకు ఆ స్కోరులో సున్నా.

సున్నా అయితే అయింది, బాధ లేదు. రాత్రి పదింటికి ఆ నిబంధనల్లోని మార్కుల పట్టికను ముందేసుకుని కూర్చుంటే నాకు కనిపించింది వేరే. పత్రం ఒక్కరే రాస్తే పది మార్కులూ వాళ్లవే. ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం, అంటే మొత్తం 14 మార్కులు. అంతకంటే ఎక్కువమంది అయితే మొదటివారికి 70 శాతం, మిగతా ఒక్కొక్కరికి 30. ఐదుగురు కలిస్తే ఒకే పత్రానికి 19 మార్కులు పుడతాయి! కష్టపడి ఒంటరిగా రాసినవాడికి పదే. నా స్టూడెంట్ ఎవరైనా ఇలాంటి ఇన్సెంటివ్ ప్లాన్ గీసుకొస్తే, సేల్స్‌వాళ్లు దీంతో ఏం ఆట ఆడతారో ముందు చెప్పు అని వెనక్కి పంపిస్తాను. ఆ ఆట ఇప్పుడు మా వాట్సాప్‌లోనే నడుస్తోంది. డబ్బిస్తే పత్రంలో మీ పేరు కలుపుతాం, మొదటి పేరుకి ఒక రేటు, నాలుగో పేరుకి ఒక రేటు అంటూ మెసేజ్‌లు వస్తాయి. 2018లోనే యూజీసీ తాను గుర్తించిన పరిశోధన పత్రికల జాబితా నుంచి 4,305 జర్నళ్లను తీసేసింది. తర్వాత కేర్ అనే జాబితా పెట్టి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. జర్నళ్లను ఎన్నిసార్లు ఏరినా లెక్క కట్టే పద్ధతి మారకపోతే ఏం లాభం?

పాఠం వేరు, పరిశోధన వేరు అనేవాళ్లకి గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారి సంగతి గుర్తు చేయాలి. 1940లలో ఆయన కలకత్తాలో పాఠం చెబుతుంటే దాండేకర్ అనే విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు. పెద్ద శాంపిల్‌కి మీరు చెప్పిన ఫలితం చిన్న శాంపిల్‌కి కూడా ఉంటుందా అని. రావు గారు ఇంటికెళ్లి రాత్రి కూర్చుని నిరూపించి, తర్వాతి క్లాసులో చూపించారు. అదే 1945 నాటి పత్రంలో అచ్చయింది, ఒక్క పేరుతో. ఒక అంచనా ఎంతవరకు కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే సూత్రమది, క్రామర్-రావు అని ప్రపంచమంతా చెప్పుకునేది దాన్నే. 2023లో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి అందుకునేనాటికి ఆయనకు 102 ఏళ్లు. సైన్సు విభాగంలో పత్రానికి 8 మార్కులు కాబట్టి, మా పట్టికలో దాని విలువ మామూలుగా అయితే ఎనిమిదే.

మిగతా పనులు కూడా ఉన్నాయి. కాలేజీలకు గ్రేడ్లు ఇచ్చే న్యాక్ ఆఫీసు ఉన్నది మా బెంగళూరులోనే, అయినా గెస్ట్ లెక్చర్ జరిగిందని నమ్మించడానికి జియోట్యాగ్ ఫొటోలు, అంటే ఎక్కడ తీశామో ముద్ర పడే ఫొటోలు, దాస్తాం. వేసవి వస్తే అడ్మిషన్ల డ్యూటీ. తెలుగు వచ్చినందుకు నాకు పడే శిక్ష అది. మే నెల ఎండలో కడప, కర్నూలు, నెల్లూరు తిరుగుతాను. హోటల్ హాల్లో బ్యానర్ కట్టి బ్రోషర్లు పంచుతాను. అందులో కోటు వేసుకున్న పన్నెండు మంది పిల్లల ఫొటోలు, కింద ప్యాకేజీలు. ఒక తండ్రి వేలు పెట్టి చూపిస్తూ, "మావాడికి ఇంత వస్తాదా సార్?" అని అడిగాడు. ఆ పన్నెండు మందీ పట్టీ ఉన్న రోజులన్నమాట. ఆ మాట చెప్పకుండా ఆయనకి మంచినీళ్ల సీసా ఇచ్చాను. కేంద్రం ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కి కాలేజీలు ఇచ్చే మీడియన్ జీతం, అంటే వరసలో సరిగ్గా మధ్యన ఉన్నవాడి జీతం, చూడమని చెబుదామంటే, అది కూడా ఉద్యోగం వచ్చినవాళ్లదే. చేరిన మొత్తం ఎందరు, వచ్చింది ఎందరికి అని రెండూ పక్కపక్కన పెట్టి అడగండి. బ్యానర్ కింద నేను నిలబడి ఉంటే నన్నే అడగండి.

2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన కొత్త నియామక నిబంధనల ముసాయిదాలో స్కోరు బదులు తొమ్మిది రకాల కృషి ఉంది. వాటిలో కొత్త తరహా బోధన, భారతీయ భాషల్లో బోధన కూడా చేర్చారు. మంచిదే. కానీ దానికీ జియోట్యాగ్ ఫొటోలే సాక్ష్యం అంటే మళ్లీ మొదటికే వస్తాం. ముగ్గురు విద్యార్థుల ప్రాజెక్టులు తెప్పించుకుని కమిటీ ఒక గంట చదివితే చాలు, నేనేం చెప్పానో తెలిసిపోతుంది. పాత పట్టికే ఉంచుతామంటే ఒక పత్రానికి ఎందరు పేర్లు పెట్టినా మొత్తం 100 శాతం దాటకూడదని ఒక్క లైను కలపండి. అడ్మిషన్లకు జీతమిచ్చి వేరే మనుషుల్ని పెట్టుకోమని కాలేజీలకు చెప్పండి.

నా ఫైలు సగం నింపాను. పట్టీల ప్రాజెక్టును ఏ కాలమ్‌లో రాయాలో తెలియక ‘ఇతరములు’ కింద రాశాను.

పేరు ప్రచురించవద్దని మనవి.

— ఒక అసోసియేట్ ప్రొఫెసర్, కె.ఆర్. పురం, బెంగళూరు