టీవీ మీ చేతికి వచ్చాకే చెక్క కోస్తాం

కస్టమర్లందరికీ నమస్కారం. ఇంట్లో సొంతంగా వర్చువల్ పిన్‌బాల్ మెషీన్ (అసలు బల్లకి బదులు టీవీ తెర మీద బంతి ఆడే పిన్‌బాల్ పెట్టె) కట్టుకునేవాళ్లకి మేం పంపే క్యాబినెట్ కిట్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయని చాలామంది అడుగుతున్నారు. ఉన్నదున్నట్టు చెప్తాను. ప్లేఫీల్డ్‌గా, అంటే బంతి దొర్లే బల్లగా, వాడబోయే టీవీ మీ చేతికి వచ్చి, దాని కొలతలు మాకు అందేదాకా ప్లైవుడ్ కోయడం ఆపేశాం. దీనివల్ల కొన్ని ఆర్డర్లు పోవచ్చు. అయినా ఇలాగే చేయాలని నిర్ణయించుకున్నాం.

టీవీ డబ్బా మీద రాసే అంగుళాలు తెర మూల నుంచి మూలకి ఉన్న దూరం. చెక్క పనికి అది సరిపోదు. అసలు పిన్‌బాల్ మెషీన్ బయటి వెడల్పు మామూలుగా 22 అంగుళాలు. రెండు పక్కలా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పోతే లోపల మిగిలేది సుమారు 20న్నర అంగుళాలే. టీవీని క్యాబినెట్ పొడవునా పడుకోబెడతాం కాబట్టి దాని ఎత్తే ఇక్కడ వెడల్పు అవుతుంది. 43 అంగుళాల టీవీలో ఒక్క తెర ఎత్తే 21 అంగుళాలు దాటుతుంది. దానికి అంచులు కలపాలి. అంటే వెడల్పాటి క్యాబినెట్ తప్పదు. ఒకే సైజు టీవీల్లో కూడా అంచు, మందం, వెనక కేబుల్ పెట్టే చోటు మోడల్‌ని బట్టి మారిపోతాయి.

కొలతల కంటే ముఖ్యమైనది ఇంకోటి ఉంది. బటన్ నొక్కగానే ఫ్లిప్పర్ (బంతిని కొట్టే చిన్న రెక్క) లేవాలి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు ఉంటుంది, 120 హెర్ట్జ్‌లో 8.3. దీనికి తోడు బొమ్మని మెరుగుపరచడానికి టీవీ తీసుకునే సమయం వేరే. సినిమా చూసేటప్పుడు ఈ ఆలస్యం ఎవరికీ పట్టదు. బంతి ఫ్లిప్పర్ కొస మీదికి జారుతున్నప్పుడు మాత్రం షాట్ తప్పేది దీనివల్లే. చెక్క ఎంత నునుపుగా ఉన్నా, లైట్లు ఎన్ని పెట్టినా ఆ లోటు తీరదు.

అందుకే టీవీ కొన్న వెంటనే ఒక పని చేయండి. దాన్ని గట్టి బల్ల మీద జాగ్రత్తగా పడుకోబెట్టి, గేమ్ మోడ్ (ఈ ఆలస్యాన్ని తగ్గించే టీవీ సెట్టింగ్) పెట్టి, కంప్యూటర్‌కి కలపండి. కంప్యూటర్‌లో పిన్‌బాల్ ఆడించే విజువల్ పిన్‌బాల్ ఉచితమే. 2000లో ర్యాండీ డేవిస్ మొదలుపెట్టిన ఈ ప్రోగ్రామ్‌ని ఇప్పుడు ఔత్సాహికులు ఓపెన్ సోర్స్‌గా నడుపుతున్నారు. ఇరుకు అంచు దగ్గర నిలబడి, కీబోర్డ్‌లో రెండు షిఫ్ట్ కీలతో ఆడి చూడండి. రంగులు వెలిసినట్టు కనిపిస్తే అది వీఏ రకం ప్యానెల్ (తెర) అయి ఉండొచ్చు. ఇలా వాలుగా చూడటానికి ఐపీఎస్ రకం తెర నయం. నచ్చకపోతే వాపసు గడువు లోపల మార్చేసుకోవచ్చు. చెక్క ఒకసారి కోశాక ఆ అవకాశం ఉండదు.

నడ్జ్ (మెషీన్‌ని తోయడం), ప్లంజర్ (బంతిని వదిలే స్ప్రింగ్ పిడి) కోసం ఇచ్చే కేఎల్25జెడ్ అనే చిన్న కంట్రోలర్ బోర్డు మారలేదు. మెషీన్‌ని తోసినప్పుడు ఆ కుదుపుని పసిగట్టే సెన్సర్ దానిలోనే ఉంటుంది. కాబట్టి దాన్ని క్యాబినెట్ అడుగు చెక్కకే గట్టిగా బిగించండి. ఊగే పలక మీద పెడితే కొలతలు నమ్మడానికి వీల్లేదు.

సోలినాయిడ్లు (అసలు మెషీన్‌లా టక్కుమని కొట్టే విద్యుదయస్కాంతాలు) అడిగేవాళ్లకి నా సలహా, ముందు ఎక్సైటర్లతో (చెక్కని కంపింపజేసే స్పీకర్ లాంటివి) మొదలుపెట్టండి. క్యాబినెట్ పక్క చెక్కలకి ముందు రెండు, వెనక రెండు బిగిస్తే, బంతి ఎక్కడ తగిలిందో అరచేతులకే తెలుస్తుంది. రాత్రిపూట పక్కింటివాళ్లకీ ఇబ్బంది తక్కువ. సోలినాయిడ్లే కావాలంటే తప్పకుండా ఇస్తాం. ఇకపై ప్రతి సోలినాయిడ్ కాయిల్‌కీ (తీగచుట్టకీ) డయోడ్ మేమే సోల్డర్ చేసి పంపుతాం. కరెంటు ఆగిన క్షణంలో కాయిల్ నుంచి ఎదురొచ్చే వోల్టేజి బోర్డుని కాల్చేయగలదు. ఆ పని ఎవరి ఓపికకో వదిలేయడం నాకు ఇష్టం లేదు.

పాత మెషీన్ల రోమ్ (ROM) ఫైళ్లు, అంటే వాటి చిప్‌ల్లోని ప్రోగ్రామ్ కాపీలు, వేసి ఇమ్మని అడగకండి. వాటి హక్కులు వేరేవాళ్లవి, మేం అమ్మలేం.

ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు స్టాండ్ తీసేసిన టీవీ పొడవు, వెడల్పు, మందం, తెర చుట్టూ అంచు మిల్లీమీటర్లలో కొలిచి, వెనక భాగం ఫోటోతో పంపండి. కొలతలు అందిన వరుసలోనే కోత మొదలవుతుంది. ఆగడం కుదరనివాళ్లు ఒక్క మాట చెప్తే చాలు, కట్టిన డబ్బు మొత్తం తిరిగి పంపిస్తాం.