కార్ఖానా చిక్కడపల్లిలోనే ఉంటుంది, నేను మాత్రం నేపాల్ వెళ్తున్నాను

మా చేతికుట్టు పుస్తకాలు కొంటున్న మిత్రులందరికీ నమస్కారం.

వచ్చే జూన్‌లో మా కుటుంబం నేపాల్‌కు తరలి వెళ్తోంది. మా వారికి ఖాట్మండు పక్కనే, బాగ్మతి నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న లలిత్‌పూర్‌లో ఉద్యోగం వచ్చింది. కనీసం మూడేళ్లు అక్కడే ఉంటాం. ఈ సంగతి బయటికి పొక్కినప్పటి నుంచి దుకాణం మూసేస్తున్నారా అని ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మూయడం లేదు. అలాగని అన్నీ ఎప్పటిలాగే సాగుతాయని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టడం కూడా నాకు ఇష్టం లేదు కనుక, ఏ పని ఉంటుందో, ఏది ఆగిపోతుందో ఇక్కడ రాస్తున్నాను.

ఆగిపోయేది పాత పుస్తకాల బైండింగ్. మే 15 తర్వాత ఆ పని తీసుకోము. కొత్త నోటుపుస్తకంలో ఫారాలన్నీ, అంటే కలిపి మడిచే కాగితాల కట్టలన్నీ, ఒకే కొలతలో మడిచి, కన్నాలు పొడిచి, మైనం పూసిన దారంతో వరుసగా కుట్టుకుంటూ పోవచ్చు. తాతల నాటి పుస్తకం అలా లొంగదు. వెన్ను దగ్గర ఏ ఫారం ఎంత చివికిందో వేలితో తడిమి చూసుకోవాలి. ఎండి బిగుసుకుపోయిన జిగురును తడిగుడ్డతో మెత్తబరిచి గీకేటప్పుడు, ఆ కాగితం ఎంత తడికి ఓర్చుకుంటుందో అప్పటికప్పుడే తేల్చుకోవాలి. ఫోటోలు తెప్పించుకుని దూరాన కూర్చుని చెప్పగలిగే పని కాదిది. మా పెద్ద మేస్త్రి చేయి నాకంటే నేర్పైనదే, కానీ "పాతవి నా ఒక్కడి పూచీ మీద వద్దమ్మా" అని ఆయనే అన్నారు. ఆ మాట మీద నేను మరి ఒత్తిడి చేయలేదు.

నోటుపుస్తకాలు, బొమ్మల పుస్తకాలు, పెళ్లిళ్లకు చేయించుకునే అతిథుల పుస్తకాలు యథాప్రకారం చిక్కడపల్లిలోనే తయారవుతాయి. ఇంతకాలం నా ఒక్కదాని పేరున ఉన్న సంస్థ జూన్ 1 నుంచి మేస్త్రితో కలిసిన భాగస్వామ్య సంస్థ అవుతుంది. దీనివల్ల పాన్, జీఎస్‌టీ నంబర్లు రెండూ మారతాయి కాబట్టి, కార్యాలయాల కోసం ఎక్కువ సంఖ్యలో కొనేవారు జూన్ నుంచి వచ్చే బిల్లులలో కొత్త నంబరును సరిచూసుకోవలసిందిగా మనవి.

అక్కడే ఒక కార్ఖానా పెట్టుకోవచ్చు కదా అని చాలామంది సలహా ఇచ్చారు. వీసా అక్కరలేని దేశంలో వ్యాపారం కూడా అంతే సులువని మనం అనుకుంటాం. 1950 నాటి భారత్-నేపాల్ మైత్రీ ఒప్పందం ప్రకారం మనం అక్కడ స్వేచ్ఛగా ఉండవచ్చు. కానీ విదేశీయులు పెట్టుబడితో సంస్థ పెట్టాలంటే మామూలుగా కనీసం 2 కోట్ల నేపాలీ రూపాయలు చూపించాలి, అంటే మన లెక్కలో కోటీ పాతిక లక్షలు. 2022కు ముందు ఆ మొత్తం 5 కోట్లు ఉండేది. దారం, సూది, అట్టలతో నడిచే మాలాంటి వారికి ఆ తలుపు మూసి ఉన్నట్టే. అందుకే అక్కడ ఉండి నేను కాగితం ఎంపిక చేస్తాను, నమూనాలు గీస్తాను, లెక్కలు చూస్తాను. అమ్మకం మొత్తం ఇక్కడి సంస్థదే.

కాగితం విషయంలో మాత్రం నాకు లోలోపల సంబరంగానే ఉంది. మీలో చాలామంది అడిగి మరీ తీసుకునే లోక్తా కాగితం అక్కడి కొండల్లో, సుమారు 1,600 మీటర్లకు పైన పెరిగే పొద బెరడుతో తయారవుతుంది. వేరు పెకలించకుండా కాండం కోస్తే పొద కొన్నేళ్లకు మళ్లీ చిగురించి పెరుగుతుంది. బెరడును ఉడికించి, దంచి, ఆ గుజ్జును నీటిలో తేలే చట్రంలో పోసి, చట్రంతో సహా ఎండలో ఆరబెడతారు. పురుగు పట్టదని నేపాల్‌లో దస్తావేజులు రాయడానికి తరతరాలుగా దీన్నే వాడుతున్నారు. ఇన్నాళ్లూ ఢిల్లీ వర్తకుడు పంపిన కట్టలో మందం ఎలా ఉంటే అలా సర్దుకున్నాం. ఇకపై తయారయ్యే చోటే చూసి ఏరుతాను, ఆ వర్తకుడే దిగుమతి చేస్తాడు. నాణ్యత మెరుగుపడుతుందని నమ్ముతున్నాను గానీ ధర తగ్గుతుందని దయచేసి ఆశించకండి. మన 1 రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్న మారకం 1993 నుంచి స్థిరంగా ఉంది కనుక, ఆ వంకతో ధర పెంచను కూడా. అయితే వానాకాలంలో ఎండ లేక కాగితం ఆరదు. జులై నుంచి సెప్టెంబరు వరకు లోక్తా పుస్తకాలు ఆలస్యం కావచ్చు. దసరాకు బహుమతులుగా ఇవ్వదలచినవారు మే నెలలోనే చెబితే మంచిది.

ఆర్డర్ల పద్ధతి కూడా మారుతోంది. ఇంతవరకు అన్నీ నా వాట్సాప్‌కే వచ్చేవి. 2025 సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం వాట్సాప్, ఫేస్‌బుక్ సహా 26 వేదికలను నిలిపివేయాలని ఆదేశించింది. ఆ వెంటనే రేగిన ఆందోళనలలో ప్రాణనష్టం జరిగింది, ప్రధాని రాజీనామా చేశారు, విమానాశ్రయం కూడా మూతపడింది. నిషేధం కొద్ది రోజులకే ఎత్తివేశారు. ఆ ప్రజల కష్టం ముందు మా ఆర్డర్లు లెక్కలోవి కావు. అయినా మీ డబ్బు, మీ గడువు నా ఒక్క ఫోను మీద ఆధారపడకూడదు. అందుచేత జూన్ నుంచి ఆర్డర్లు కార్ఖానా నంబరుకే ఇవ్వండి. చెల్లింపులు సంస్థ హైదరాబాద్ ఖాతాకే చేయండి. నేపాల్ ఖాతాకు పంపమని నా పేరుతో ఎవరైనా అడిగితే అది మోసమని గ్రహించండి. నాతో మాట్లాడదలచినవారికి ఇబ్బందేమీ లేదు, అక్కడి గడియారం మనకంటే పదిహేను నిమిషాలే ముందుంటుంది.

అటువైపు వస్తే కలుస్తామన్న వారికి ఒక మాట: విమానంలో వచ్చేవారికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, పెద్దవాళ్లలో 65 ఏళ్లు దాటనివారికి ఆధార్ చెల్లదు.

బైండింగ్ పూర్తయినా ఎవరూ తీసుకువెళ్లని పాత పుస్తకాలు మా అలమరలో ఇంకా కొన్ని ఉన్నాయి. రసీదు పోయినా ఫరవాలేదు, పుస్తకం పేరు, ఇచ్చినవారి పేరు చెబితే చాలు. మే నెలాఖరులోగా వచ్చి తీసుకోండి. ఊళ్లో లేనివారు చిరునామా పంపితే మా ఖర్చుతోనే స్పీడ్‌పోస్టులో పంపుతాము. ముందుగా డబ్బు కట్టి, పని ఇంకా మొదలుకాని వారికి ఆ మొత్తం వెనక్కి ఇచ్చేస్తాము.