తాళం తాళంలాగే ఉంది, తలుపు తెరుచుకుంది

సంపాదకులకు నమస్కారం.

మాది విజయనగరం తోటపాలెంలో పది ఫ్లాట్ల చిన్న అపార్ట్‌మెంటు. మొన్న దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి అందరం ఇళ్లకు తాళాలు వేసి మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్లాం. పూజారి కూర్చునే పొడవాటి మాను, అదే సిరిమాను, అమ్మవారి చదురుగుడి నుంచి కోట వరకు మూడుసార్లు తిరిగేదాకా ఊళ్లో ఎవరూ ఇంటికి రారు. ఆ సంగతి దొంగలకూ తెలుసు. చీకటి పడ్డాక వచ్చి చూస్తే మా ఎదురింటి వదినగారి తలుపు బార్లా తెరిచి ఉంది. కూతురి పెళ్లికని దాచుకున్న బంగారం పోయింది. ఆవిడకి ఇప్పటికీ కంటి మీద కునుకు లేదు.

తాళం మాత్రం చెక్కుచెదరలేదు, గొళ్లెంతో సహా నేల మీద పడి ఉంది. గొళ్లేనికి ఉన్న నాలుగు స్క్రూలూ అరంగుళానివే. రాడ్డు దూర్చి ఒక్క గుంజు గుంజితే ఊడొచ్చేశాయి. తాళం మంచిదా కాదా అని పదిసార్లు చూసి కొంటాం, స్క్రూల సంగతి ఎవరికీ పట్టదు. ఇప్పుడు వడ్రంగిని పిలిచి పది ఇళ్లకూ తలుపు అవతలి వరకు దిగే నట్టు బోల్టులు వేయించాం.

అంతకు రెండు వారాల ముందే సెల్లార్‌లో మూడు బళ్ల సీట్లు బ్లేడుతో కోసేశారు, పెట్రోలు తీసేశారు. మెట్ల దగ్గర బల్బు మాయమైంది. పిల్లల ఆకతాయితనం అనుకున్నాం. బల్బు ఎవరు కొనాలో తేలక ఆ మెట్లు చీకట్లోనే ఉండిపోయాయి. సెల్లార్ గేటుకు గడియ పెట్టే నాథుడు లేడు. నేనూ పెట్టలేదు, ఆ బాధ నాకుంది.

ఇప్పుడు ఎవరు ఊరెళ్లినా పాలు, పేపరు మాన్పిస్తున్నాం. వాళ్ల గుమ్మం ముందు కూడా నేనే తడిగుడ్డ పెట్టి రెండు గీతలు ముగ్గు వేస్తున్నాను. ముగ్గు లేని గుమ్మం చూస్తే ఇంట్లో ఎవరూ లేరని ఇట్టే తెలిసిపోతుంది.

తాళం వేసిన ఇళ్ల మీద నిఘా కోసం పోలీసులు పెట్టిన ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఫోన్ యాప్‌లో ఊరెళ్లే ముందు చెబితే పోలీసులే వచ్చి తాళం వేసిన ఇంట్లో ఉచితంగా కెమెరా పెడతారు. అలికిడైతే వాళ్లకు సమాచారం వెళుతుంది. మా పది ఇళ్లలో ఈ విషయం తెలిసింది ఒక్కరికే, అదీ దొంగతనం జరిగాక. సంక్రాంతికి సగం పట్టణం పల్లెలకు వెళ్లిపోతుంది. ఆలోగా వార్డు సచివాలయాల మహిళా పోలీసులు చిన్న అపార్ట్‌మెంట్లకు వచ్చి, పెద్దవాళ్ల ఫోన్లలో ఆ యాప్ పెట్టి, ఎలా వాడాలో చూపించాలని మా అందరి తరఫున కోరుతున్నాను.

– ఒక గృహిణి, తోటపాలెం, విజయనగరం