మన్యంలో రాత్రి బండి ఆపుకోవడానికి జాగా కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను అనకాపల్లి బెల్లం మార్కెట్లో గుమాస్తాని. నవంబరు ఆఖర్లో పదో తరగతి నాటి స్నేహితులం ముగ్గురం మావాడి పాత ఓమ్నీ వ్యానులో మన్యం చుట్టి వచ్చాం. ఎస్.కోట దగ్గర ఘాట్ ఎక్కి అనంతగిరి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసుకుని నర్సీపట్నం వైపు దిగాం. మూడు రాత్రులు, 300 కిలోమీటర్ల పైచిలుకు. అరకులో గది అడిగితే రాత్రికి 3,500 అన్నారు. అంత పెట్టే స్తోమత మాకు లేదు. బండిలోనే పడుకుందామని ముందే అనుకున్నాం.

మావాడి ఓమ్నీలో వెనక సీట్లు ఎదురెదురుగా ఉంటాయి. మధ్య ఖాళీ మీద ప్లైవుడ్ పలక వేసి బొంత పరిస్తే ఇద్దరికి పడక. మూడోవాడు ముందు సీట్లో, వంతులవారీగా. ఆ బండికి ఇంజిను ముందు సీటు కిందే ఉంటుంది. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు కూర్చోలేనంత వేడెక్కితే రెండుసార్లు ఆపి చల్లారనిచ్చాం. అలా ఆగినప్పుడే కాఫీ తోటలు తీరిగ్గా చూశాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, ఆ నీడలో కాఫీ కొమ్మలకు కణుపు కణుపునా ఎర్రటి పళ్లు. ఇంటికి వంద కిలోమీటర్లు దాటని చోటు, నలభై ఎనిమిదేళ్లకి గానీ చూడలేకపోయాను. పెట్రోలు, వంట సరుకులు, టీలు, బొర్రా గుహల టికెట్లు అన్నీ కలిపి మనిషికి 1,700 అయింది.

రెండో రాత్రి జరిగింది చెప్పాలనే ఈ ఉత్తరం. పాడేరు రోడ్డులో చదునుగా ఉన్నచోట పక్కకి ఆపి పడుకున్నాం. పదిన్నరకి ఒకాయన టార్చి వేసి అద్దం కొట్టాడు. ఇక్కడ ఉండకూడదు, తియ్యండి అన్నాడు. మరి ఎక్కడ ఉండాలండీ అంటే, అదంతా నాకు తెలీదన్నాడు. మంచు ఎంత దట్టంగా ఉందంటే లైటు వేస్తే ఎదురుగా తెల్లగోడే. ఒకడు దిగి ఫోను లైటుతో రోడ్డు అంచు చూపిస్తూ ముందు నడిచాడు, నేను వాడి వెనకే మొదటి గేరులో పోనిచ్చాను. నాలుగు మలుపులు తిరిగేసరికి టెన్షన్‌తో చేతులు వణికాయి. ఎదురుగా లారీ వస్తే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

చివరికి రోడ్డు పక్క ఇంట్లో దీపం చూసి ఆపాం. ఒక గిరిజన పెద్దావిడ బయటికొచ్చి, "పెరట్లో పెట్టుకోండి బాబూ, కుక్కలున్నాయి, భయం లేదు" అంది. తెల్లవారి మసిబారిన తపేలాలో వేణ్ణీళ్లు కాచి ఇచ్చింది. 200 ఇస్తే వద్దు వద్దంటూనే తీసుకుంది.

మేం అడిగేది అలాంటి పెరడే. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదని 1/70 చట్టం ఉంది, ఉండాలి కూడా. కాబట్టి బయటివాళ్లు వచ్చి రిసార్టులు కట్టక్కర్లేదు. అరకు, పాడేరు, చింతపల్లి దగ్గర ఒక్కొక్క చదును జాగా, రెండు మరుగుదొడ్లు, ఒక కుళాయి, ఒక లైటు, చెత్తకుండీ, బండి నంబరు రాసుకునే పుస్తకం ఉంటే చాలు. అక్కడి మహిళా సంఘాలకే అప్పగించండి. రాత్రికి 150 సంతోషంగా ఇస్తాం. ఇప్పుడు ఏ వ్యూ పాయింటు దగ్గర ఆగినా కాగితం పళ్లేలు, సీసాలు, ఇంకా చెప్పలేనివి కాళ్ల కింద తగులుతున్నాయి. పారేసేవాళ్లది తప్పే. అయితే వేయడానికి కుండీ, వెళ్లడానికి మరుగుదొడ్డి కూడా చూపించాలి కదా.

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడాది. ఫోటోలు చూసి, "మా ఫ్రెండ్స్ నలుగురం కూడా ఇలాగే వెళ్తాం నాన్నా" అంది. మేం చీకట్లో పొదల చాటుకి వెళ్లిన సంగతి గుర్తొచ్చి సరే అనలేకపోయాను.

పాడేరు ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) అధికారులు ఈ ఉత్తరం చూస్తే, వచ్చే చలికాలం లోపు ఒక్కచోటైనా మొదలుపెట్టమని వేడుకుంటున్నాను. ఆ పెద్దావిడ ఇల్లు ఎక్కడో నేనే వచ్చి చూపిస్తాను.

– ఒక పాఠకుడు, అనకాపల్లి