‘ఇన్సులిన్ పడదు’ అని చీటీలో రాసేముందు

సంపాదకులకు నమస్కారం.

సూది పొడిచిన చోట దద్దు లేచి దురద పెట్టగానే ఓపీ చీటీ మీద ‘ఇన్సులిన్ పడదు’ అని రాసి, మాత్రలు పెంచి పంపేయడం ఇకనైనా ఆగాలి. ఒంట్లో ఇంకా కొంత ఇన్సులిన్ తయారయ్యే టైప్ 2 షుగర్ వాళ్లకు మెట్‌ఫార్మిన్ నుంచి జీఎల్‌పీ–1 రకం షుగర్ ఇంజెక్షన్ల దాకా వేరే దారులున్నాయి. ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారే కాని టైప్ 1 పిల్లలకు వేరే ఏ దారీ లేదు. ఇన్సులిన్ ఆపిన ఒకటి రెండు రోజుల్లోనే రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి వాంతులు, ఎగశ్వాస మొదలవుతాయి.

నిజానికి ఇన్సులిన్ పడనివాళ్లు బహు తక్కువ. పశువుల నుంచి, పందుల నుంచి తీసిన ఇన్సులిన్ వాడిన రోజుల్లో ఎలర్జీ మామూలే. 1982లో మానవ ఇన్సులిన్ వచ్చాక అది అరుదైపోయింది. ఇప్పుడు చాలాసార్లు తంటా సీసాలోని మిగతా సరుకుతోనే. మన దగ్గర ఎక్కువగా వాడే, పాలలా తెల్లగా ఉండే 30/70 అనే మిశ్రమ ఇన్సులిన్‌లో, మందు నెమ్మదిగా పనిచేయడానికి కలిపే ప్రోటమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది. మందు చెడిపోకుండా మెటాక్రెసాల్, ఫినాల్ కలుపుతారు. జింక్ కూడా ఉంటుంది. అసలు ఎలర్జీయే కాకపోవచ్చు కూడా: స్పిరిట్ ఆరకముందే పొడిచినా, ఫ్రిజ్‌లోంచి తీసిన మందు చల్లగా ఉండగానే ఎక్కించినా, ఒకే సూదిని రోజుల తరబడి వాడినా, సూది తోలులోనే ఆగిపోయినా ఆ చోట ఎర్రబడుతుంది.

కాబట్టి చీటీలో రాయాల్సింది మందు పేరు, రకం, బ్యాచ్ నంబరు, ఎంతసేపటికి వచ్చిందో ఆ సమయం. నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం వస్తే అది వేరే కథ, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి. నాలుగైదు గంటలకు నొప్పితో గడ్డ కట్టడం, మర్నాటికి గట్టిపడటం మరో రకం ఎలర్జీలు. ఖాళీ సీసా పారేయకుండా డాక్టరుకు చూపించండి.

30/70తో ఇబ్బంది పడ్డవారికి వేరే ఇన్సులిన్‌లున్నాయి: నీళ్లలా తేటగా ఉండే రెగ్యులర్‌లో గానీ గ్లార్జిన్‌లో గానీ ప్రోటమిన్ ఉండదు. జింక్ లేనిది కావాలంటే గ్లూలిసిన్ ఉంది. ఏది పడుతుందో చర్మ పరీక్షలో తేలుతుంది. పోల్చి చూడటానికి పెట్టే సెలైన్, హిస్టమిన్ (దద్దు తెప్పించే పదార్థం) చుక్కల పక్కనే ఒక్కో ఇన్సులిన్ చుక్క పెట్టి గుచ్చి చూస్తారు. వారం ముందు నుంచి సిట్రిజిన్ లాంటి ఎలర్జీ మాత్రలు వాడకూడదు, వాడితే ఫలితం తప్పు వస్తుంది. ఏదీ పడకపోతే యూనిట్‌లో వెయ్యో వంతు దగ్గర మొదలుపెట్టి, 15–30 నిమిషాలకోసారి పెంచుతూ ఒంటికి అలవాటు చేస్తారు. ఇది ఆసుపత్రి మంచం మీదే, సెలైన్ లైను పెట్టి, అడ్రినలిన్ చేతికందేలా ఉంచుకునే చేయాలి. అలవాటయ్యాక ఒక్క పూట కూడా మానకూడదు. రెండు రోజులు వదిలేస్తే మళ్లీ మొదటికి వచ్చే ప్రమాదం ఉంది.

మందు మార్చేటప్పుడు సిరంజి కూడా చూడాలి. మన సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లు, వాటికి ఎర్ర మూత సిరంజి. గ్లార్జిన్ 100 యూనిట్లది. దాన్ని ఎర్ర మూత సిరంజితో లాగితే రెండున్నర రెట్లు మందు ఒంట్లోకి పోతుంది. నిద్రలోనే షుగర్ పడిపోతే గమనించేవాళ్లెవరు?

గుంటూరు, విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రుల్లో షుగరు, చర్మ విభాగాలు కలిసి వారానికో రోజు ఈ పరీక్షకు కేటాయించాలని కోరుతున్నాం. రెగ్యులర్‌తో పాటు, 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో చేరిన గ్లార్జిన్‌నూ ఇలాంటి రోగుల కోసం ప్రత్యేకంగా నిల్వ ఉంచాలి. ప్రోటమిన్ పడదని తేలితే ఆ మాట చీటీలో పెద్దక్షరాలతో రాసివ్వాలి. గుండె ఆపరేషన్‌లో రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ ప్రభావం తగ్గించడానికి ఇచ్చేదీ అదే ప్రోటమిన్.

— మధుమేహ వైద్యులు, విజయవాడ