పండుగలన్నీ ఒక్క గంటలో చెప్పించకండి: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను కిండర్‌గార్టెన్ టీచర్ని. ఐదేళ్ళ పిల్లలకు కథలు చెప్పడం నా పనిలో పెద్ద భాగం. డిసెంబరులో సెలవులిచ్చే ముందు 'అన్ని సంస్కృతుల పండుగలు' అనే పేరుతో పిల్లలకు ఒక గంట కథలు చెప్పించడం చాలా బడుల్లో ఆనవాయితీ అయింది. ఆలోచన మంచిదే. అది జరుగుతున్న తీరు గురించే ఈ ఉత్తరం.

కిందటేడాది ఆ గంట నాకు అప్పగించారు. క్రిస్మస్, యూదుల హనుక్కా, ఆఫ్రికన్ అమెరికన్ల క్వాంజా, దీపావళి, ఈద్, చైనీయుల కొత్త సంవత్సరం. ఆరు పండుగలు, అరవై నిమిషాలు. పిల్లలు సర్దుకుని కూర్చోవడానికే కొంత సమయం పోతుంది. పరుగులు పెట్టి చెప్పాను. ఈద్ దగ్గరికి వచ్చేసరికి ముందు వరుసలోని ఒక పాప చెయ్యెత్తి, "మా పండుగ ఇప్పుడు కాదు టీచర్, ఎప్పుడో అయిపోయింది" అంది. నిజమే. ఆ పండుగ మర్నాడు ఆ పాప కొత్త గాజులు వేసుకుని బడికి వచ్చింది. అందరికీ చూపించింది. ఆ రోజు నేను అక్షరాలు దిద్దించే హడావిడిలో ఉండి దాని గురించి ఒక్క మాట అడగలేదు. అది గుర్తొస్తే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

పండుగలు డిసెంబరు కోసం ఆగవు. ఇస్లామిక్ సంవత్సరానికి 354 లేదా 355 రోజులే కాబట్టి ఈద్ ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. 2030లో అయితే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర్లో మరోసారి రంజాన్ నెల మొదలవుతుంది. చైనీయుల కొత్త సంవత్సరం జనవరి 21కి, ఫిబ్రవరి 20కి మధ్య ఎప్పుడైనా రావచ్చు. పర్షియన్ల కొత్త సంవత్సరం నౌరూజ్ మార్చిలో, రాత్రీ పగలూ సమానమయ్యే రోజున. క్రిస్మస్ కూడా అందరికీ డిసెంబరు 25 కాదు, పాత క్యాలెండరు పాటించే ఆర్థడాక్స్ చర్చిల వాళ్ళకు జనవరి 7. క్వాంజా మాత్రం డిసెంబరు 26న మొదలై ఏడు రోజులు సాగుతుంది. దాన్ని 1966లో అమెరికాలో మౌలానా కరెంగా అనే నల్లజాతి ఉద్యమకారుడు మొదలుపెట్టారు. 'పండుగలు ఎప్పుడో పూర్వకాలంలో పుట్టినవి' అనుకునే పిల్లలకు, ఇది చాలామంది తాతయ్యల కన్నా వయసులో చిన్న పండుగ అని చెబితే కళ్ళు పెద్దవి చేసుకుని వింటారు. ఇదంతా చెప్పాలంటే ఊపిరి తీసుకునే వ్యవధి ఉండాలి కదండీ.

అందుకే ఈ ఏడాది నా తరగతిలో మరోలా చేశాను. ఏ పండుగ వచ్చిన వారంలో దాని కథ. ఒక రోజు, ఒకే కథ, పదిహేను ఇరవై నిమిషాలు. ఐదేళ్ళ పిల్లలు అంతకు మించి కూర్చోలేరు.

దీపావళి వారం గురించి మీకు కాస్త వివరంగా చెప్పాలని ఉంది. 'వెలుగుల పండుగ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. కానీ ఆ దీపాల వెనక ఒక ఇంట్లో రాముడు అయోధ్యకు తిరిగొచ్చిన కథ ఉంటుంది, ఇంకో ఇంట్లో సత్యభామ, కృష్ణుడు నరకాసురుణ్ణి చంపిన కథ. జైనుల ఇంట్లో మహావీరుడి నిర్వాణం. సిక్కుల ఇంట్లో ఆ రోజు బందీ ఛోడ్ దివస్, అంటే బందీల విడుదల రోజు. నేను ఈ చివరి కథ ఎంచుకున్నాను. సిక్కుల ఆరో గురువు హర్‌గోబింద్‌ను మొఘల్ చక్రవర్తి గ్వాలియర్ కోటలో బంధించాడు. విడుదల చేస్తామన్నప్పుడు, తనతోపాటు బందీలుగా ఉన్న 52 మంది రాజుల్ని వదిలిపెట్టి రానన్నాడాయన. నీ అంగీ పట్టుకుని ఎందరు నడవగలిగితే అందరూ రావచ్చన్నాడు చక్రవర్తి. అప్పుడాయన 52 కుచ్చులున్న అంగీ కుట్టించుకున్నాడని కథ.

పాత దుప్పటి అంచుకు 52 రిబ్బన్లు కట్టి తీసుకెళ్ళాను. నా తరగతిలో 24 మంది. ఒక్కొక్కరూ ఒక రిబ్బను పట్టుకున్నారు. ఇంకా 28 మిగిలాయి. ఏం చేద్దామని అడిగితే, "పక్క క్లాసు వాళ్ళు కూడా లోపలే ఉన్నారు, వాళ్ళని విడిపిద్దాం" అన్నారు. వెళ్ళి పిలుచుకొచ్చారు. ఆ కథ అర్థమైందా అని నేను విడిగా ప్రశ్నలు వేయాల్సిన అవసరమే రాలేదు.

హనుక్కాకు కూడా అంతే. ఒక్క రోజుకు సరిపడే నూనె ఎనిమిది రోజులు వెలిగిందనే కథ చెప్పి, మొదటి రాత్రి ఒక కొవ్వొత్తి, రెండో రాత్రి రెండు అంటూ కాగితంతో చేసిన కొవ్వొత్తులు పెట్టించాను. మిగతావాటిని వెలిగించే కొవ్వొత్తి ఒకటి విడిగా ఉంటుంది. దాన్ని కూడా కలిపితే ఎనిమిది రాత్రులకు మొత్తం 44. లెక్కలు కూడా అందులోనే అయిపోయాయి.

అయితే ఇది ఒక టీచర్ ఒంటరిగా మోయగలిగే పని కాదు. మీ సాయం కావాల్సింది ఇక్కడే.

అన్నిటికన్నా ముందు, పండుగల కథలు ఎప్పుడు చెప్పాలో బడులనే నిర్ణయించుకోనివ్వండి. సంవత్సరం మొదట్లో తల్లిదండ్రులతో కూర్చుని 'మీ ఇంట్లో ఏ పండుగ చేస్తారు, ఏ కథ చెప్పుకుంటారు' అని అడగడానికి టీచర్లకు ఒక పూట ఇవ్వండి. ఆ పూట దొరక్కపోతే మేం తరగతిలో పిల్లనో పిల్లాణ్ణో లేపి 'మీ పండుగ గురించి నువ్వు చెప్పు' అంటాం. ఐదేళ్ళ బిడ్డకు అది పెద్ద టెన్షన్. తన వాళ్ళందరి తరఫునా ఆ బిడ్డ ఎందుకు జవాబు చెప్పాలి? అమ్మమ్మో నాన్నో ఇష్టపడి వస్తే వాళ్ళ నోట ఆ కథ ఎంతో బాగుంటుంది.

బొమ్మల పుస్తకాలకు కొంచెం డబ్బు కేటాయించండి. అయితే పండుగ వేషాల్లో నిలబడ్డ మనుషుల బొమ్మలే ఉన్న పుస్తకాలు వద్దు. ఆ ఇంటి పిల్లలు మామూలు రోజున బడికెళ్తూ, తమ్ముడితో పోట్లాడుతూ కనిపించే కథలు కూడా కావాలి. పిల్లల ఇంటి భాషల్లో ఉంటే మరీ మంచిది.

ఇంకొకటి, కొంచెం జాగ్రత్తగా చూడాల్సిన విషయం. కథ చెప్పడం వేరు, పూజ చేయించడం వేరు. 'ఈ ఇంట్లో ఇలా నమ్ముతారు' అని చెబుతాం తప్ప పిల్లల చేత దండం పెట్టించం, ప్రార్థన చదివించం. ఈ గీత ఎక్కడుందో మీ శాఖ ఒక్క పేజీలో రాసిస్తే, ఎవరైనా తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పినప్పుడు టీచర్ ఒంటరి కాదు. పండుగలు జరుపుకోని కుటుంబాలూ ఉంటాయి. యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ వాళ్ళు క్రిస్మస్ చెయ్యరు, పుట్టినరోజులు కూడా చెయ్యరు. ఆ పిల్లల్ని ఆ ఇరవై నిమిషాలూ వరండాలో కూర్చోబెట్టడం నేను చూశాను. అది శిక్షలా ఉంటుంది. ముందే ఇంట్లో వాళ్ళతో మాట్లాడితే ఏదో ఒక దారి దొరుకుతుంది.

1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో, పిల్లల చదువు వాళ్ళ సొంత సంస్కృతి పట్ల, తమకన్నా భిన్నమైన నాగరికతల పట్ల గౌరవం పెంచాలని 29వ అధికరణలో ఉంది. కిండర్‌గార్టెన్‌లో ఆ మాటకు అర్థం ఈ కథలే.

వచ్చే విద్యా సంవత్సరం క్యాలెండరు అచ్చుకు వెళ్ళే లోపు ఈ విషయం చూడమని వేడుకుంటున్నాను. డిసెంబరు సెలవుల ముందరి ఆ గంటను తీసేసి, ఆ స్థానంలో సంవత్సరం మొదట్లో తల్లిదండ్రులతో మాట్లాడే ఆ ఒక్క పూట పెట్టండి. మీరు పిలిస్తే వచ్చి, ఈ ఏడాది మా తరగతిలో ఏ వారం ఏం చేశామో రాసుకున్న నోటుబుక్కు చూపిస్తాను.

ఇట్లు,
ఒక కిండర్‌గార్టెన్ టీచర్